మేస్త్రి గోడ మీది మేకులు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు నూకరత్నం చెప్పింది. వన్ టౌన్‌లో మేస్త్రి కార్ల షెడ్డుకి ఎదురిల్లు ఆవిడది. ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఫోన్ చేసి, ముందు మాగాయ తయారైందని చెప్పి, ఒక సీసా పక్కన పెట్టమంటావా అని అడిగి, ఆ తరవాత అసలు సంగతికి వచ్చింది.

"మేస్త్రి ఎల్లిపోనాడు మేడం. పొద్దున్న టీ తాగి, టీలో పంచదార లేదని కొట్టోడ్ని తిట్టి, అలగే కుర్చీలో తల వాల్చీసినాడు."

"తిట్టడం పూర్తయ్యాకే పోయాడా?" అని అడిగాను.

"ఆఁ, పూర్తిగానే తిట్టినాడు."

కొంత నయం అనిపించింది. తిట్టు సగంలో ఉండగా పోయి ఉంటే ఆ మనిషికి మోక్షం దొరికేది కాదు. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఆయనకి ఓ పేరుండేది. షెడ్డు బోర్డు మీద ఉండేది కూడా. సముద్రపు గాలి ఆ పేరుని తినేసి "ఆటో వర్క్స్" అన్న ముక్కని మాత్రం వదిలింది. ఆయన మళ్ళీ రాయించుకోలేదు. "నా పేరు తెలీనోడు నా షెడ్డుకి ఎందుకొస్తాడు?" అనేవాడు. తెలిసినవాళ్ళెవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. ఎవరైనా కొత్తవాడు పిలిచినా పలికేవాడు కాదు. కాబట్టి నేనూ రాయను.

పొట్టి మనిషి. మోకాళ్ళ దాకా ఎత్తి కట్టిన లుంగీ, నోట్లో కిళ్ళీ, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్. పాత కార్లు తప్ప ముట్టుకునేవాడు కాదు. కొత్త కార్లని "ఫోన్లకి చక్రాలు పెట్టినారు" అని తీసిపారేసేవాడు. పాత కారుని "ఆవిడ" అనేవాడు. దాన్ని తెచ్చినవాణ్ణి, వాడు ఎంత పెద్ద ఆఫీసరైనా, "ఈడు" అనేవాడు. "ఆవిడకి ఒంట్లో బాగోలేదు. ఈడికి బుర్రలో బాగోలేదు" అని ఒక కాంట్రాక్టరు మొహం మీదే అనగా నేను విన్నాను. ఆ కాంట్రాక్టరు ఏమీ అనుకోలేదు. వన్ టౌన్‌లో ఆ షెడ్డుకి వచ్చేవాళ్ళు సగంమంది కారు బాగు చేయించుకోవడానికి వస్తే, సగంమంది తిట్టించుకోవడానికి వచ్చేవారు.

ఇంజను సరిగ్గా లాగడం లేదని ఎవరు వచ్చినా మేస్త్రి బోనెట్ ఎత్తేవాడు కాదు. చెప్పులు బయట విడిచి వెనక సీట్లో కూర్చుని, అరికాళ్ళు కారు నేలకి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. తరవాత ప్రశ్నలు. తొక్కిన వెంటనే తడబడుతోందా, తొక్కి ఉంచితే నీరసపడుతోందా? పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? చదునులోనా, ఎత్తులోనా? ఆగాక కాసేపు ఊరుకుంటే మళ్ళీ లేస్తోందా, లేవడం లేదా? మనం జవాబు చెప్తుంటే మధ్యలో "మీరు సెప్పింది వొగ్గీండి, ఆవిడ్ని సెప్పనీండి" అనేవాడు. మరి మమ్మల్ని ఎందుకు అడగడం అంటే, "మీ అబద్ధం ఏటో తెలిస్తే నిజం ఏటో తెలుస్తాది కదేటి" అనేవాడు.

ఇక్కడితో అయిపోతే మామూలు మెకానిక్కే. ఆ తరవాత జరిగే తంతు ఇంకెక్కడా లేదు.

"కాళీ బండి నిజం సెప్పదు మేడం. నిండా మనుసుల్ని ఎక్కించి కొండెక్కించాల. అప్పుడు కక్కుతాది" అనేవాడు. కొండంటే సింహాచలం కొండ. మనుషులంటే ఆ సందులో ఆడవాళ్ళు. దాంతో ఏమైందంటే, ఆ సందులో అప్పన్నకి మొక్కుకున్నవాళ్ళు బస్సెక్కడం మానేశారు. ఎవరి కారుకి దమ్ము తగ్గిందో వాకబు చేసుకునేవారు. "ఓలమ్మా, మేస్త్రి కాడికి రోగం బండేదైనా వచ్చిందేటి? నాకు మొక్కుండిపోనాది" అని కిటికీల్లోంచి అడుక్కునేవారు. ఎవరి కారో మొరాయిస్తే వీళ్ళు తలంట్లు పోసుకుని తయారు. కారు ఓనరు ముందు సీట్లో బిక్కమొహంతో నడుపుతుంటే, వెనక మేస్త్రీ, ముగ్గురు ఆడవాళ్ళూ, వాళ్ళ కొబ్బరికాయలూ.

ఇందులో పాపం మోసమేమీ లేదు. బరువు పడి, ఎత్తెక్కుతుంటేనే ఇంజనుకి పెట్రోలు చాలినంత అందుతోందా లేదా అన్నది తేలుతుందట. మొక్కులు తీరడం అన్నది పైన కలిసొచ్చింది.

షెడ్డులో వెనక గోడ నిండా మేకులు. ఒక్కో మేకుకి, ఎవరో ఓనరు నిర్వాకంగా బండిలోంచి తీసిన ఒక్కో వస్తువు. కారిపోతున్న పెట్రోలు ట్యాంకుకి ఎవరో అడ్డంపెట్టిన సబ్బుముక్క. గాలి ఫిల్టర్లోంచి తీసిన ఎలక గూడు. రేడియేటర్‌కి గాలి తగలకుండా ముందు కట్టిన పళ్ళెమంత దిష్టిబొమ్మ. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మేస్త్రి ఆ గోడ దగ్గర నిలబెట్టి, ఒక్కో మేకూ చూపించి, ఆ ఓనరు ఎలా నడిచాడో, ఎలా మాట్లాడాడో నడిచి మాట్లాడి మరీ చూపించేవాడు. చివర్న చెయ్యి అడ్డంగా ఊపి, "నా సేతి మీద బాగైన బండి అదే రోగంతో మళ్ళీ ఈ షెడ్డుకి వచ్చింది లేదు" అనేవాడు. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అనేవాడో ఆ సందులో కాకులకి కూడా తెలుసు. ఆయనకి ఆస్తి అంటూ ఉన్నది ఆ మాటొక్కటే.

ఇక నా కారు సంగతి. మా నాన్న గోదావరి జిల్లానుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో స్థిరపడ్డాడు. ఆయన కొన్న కారు అది. గేరు స్టీరింగు పక్కన ఉంటుంది. కొత్తగా ఎక్కినవాళ్ళు గేరు ఎక్కడా అని కాళ్ళ దగ్గర వెతుకుతారు. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన రోజు నాన్న తాళాలు నా చేతిలో పెట్టాడు. "ఇంక దీని తిట్లు నువ్వు తిను" అన్నాడు. ఆయన పోయాక ఆ కారంటే నాకు ప్రాణం. అందులో దాచిపెట్టడానికేమీ లేదు.

మొదటిసారి మేస్త్రి దగ్గరికి వెళ్ళింది హారన్ మోగడం లేదని. హారన్ బాగు చేసి, నేను అడక్కుండానే ఇంకో పని చేశాడు. ట్యాంకు మూత తెచ్చి చూపించాడు.

"లోపల రబ్బరు వాచరు ఎండిపోనాది మేడం. ఈ దుమ్మంతా ట్యాంకులోకి దిగిపోతాది. సైకిల్ ట్యూబు గుండ్రంగా కోసి అతికించీసినాను. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే. ఇంక సీమ కూడా దూరదు."

వన్ టౌన్‌లో దుమ్ముకి భయపడని మనిషి లేడు. పోర్టు పక్కన కాపురం. పొద్దున్న తుడిచిన గుమ్మం మధ్యాహ్నానికి నల్లబడుతుంది. అందుకని వాళ్ళు దేనికైనా మూత పెడతారు, మూతకి గుడ్డ కడతారు, గుడ్డ మీద పళ్ళెం బోర్లిస్తారు. నూకరత్నం పచ్చడి జాడీలకి రెండేసి పొరలు వాసెన కడుతుంది. నేనూ సంబరపడ్డాను. అడక్కుండా పని చేసిన మెకానిక్ని అంతకుముందు చూడలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి నా కారు తడబడడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ఆలోచనలో పడేది. మా బ్రాంచిలో లోన్ ఫైలు కదిలినట్టు, కాసేపు ఏమీ జరక్క, తరవాత ఒక్క ఉదుటున ముందుకు దూకేది. గాజువాక దాటేసరికి దమ్ము పోయి, ఆటోలు కూడా నన్ను దాటుకుంటూ నా వైపు జాలిగా చూసేవి. పక్కకి తీసి ఆపి కాసేపు ఊరుకుంటే మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిచేది.

"ఇది పాత ఇనుముకి వెయ్యాల్సిన బండి" అన్నాడు మా ఆయన. ఊరికే అని ఊరుకోలేదు, పాత ఇనుము కొనేవాణ్ణి ఇంటికి పిలిచాడు. వాడు వచ్చి బోనెట్ మీద వేలి మెటికలతో టకటకా కొట్టి, కొబ్బరికాయ బేరమాడినట్టు చెవి పెట్టి విన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి ఒప్పందం కుదిరింది. కారు సింహాచలం కొండ ఆగకుండా ఎక్కితే ఉంచుకుంటాం. ఎక్కకపోతే వాడికిచ్చేస్తాం.

మేస్త్రి వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. "కార్బరేటరు" అన్నాడు. విప్పాడు, కడిగాడు, ఊదాడు, బిగించాడు. దారిలో పెట్రోలు పోయించుకుని, మొక్కులవాళ్ళని ఎక్కించుకుని బయల్దేరాం. కొండ మీద ఓ మలుపు దగ్గర కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఆడవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని మిగిలిన దారి నడిచి వెళ్ళిపోయారు.

రెండోసారి "పాయింట్లు" అన్నాడు. నిప్పురవ్వ సరిగ్గా పడడం లేదన్నాడు. అవీ మార్చాడు. మళ్ళీ పెట్రోలు, మళ్ళీ మొక్కులు, మళ్ళీ అదే మలుపు. మూడోసారి పెట్రోలు పంపు విప్పి లోపలి పొర మార్చాడు. కారుకి ఆ మలుపంటే ఇష్టం ఏర్పడినట్టుంది.

మేస్త్రి తప్పు ఒప్పుకునే రకం కాదు. ముందు పెట్రోలుని తిట్టాడు. "ఇప్పుడు పెట్రోల్లో మందు కలిపి పోస్తన్నారు మేడం. మందు తాగిన మనిసి తూలడేటి?" అన్నాడు. తరవాత నా పాదాన్ని తిట్టాడు. "గోదారోళ్ళ కాలు మరీ మెత్తన. బండి తొక్కుతన్నారో పూలు తొక్కుతన్నారో తెల్దు." ఆ తరవాత నా చీర కుచ్చిళ్ళని. ఆఖరికి కొండకి రోడ్డు వేసిన ఇంజనీర్లని.

కానీ లోపల కుమిలిపోతున్నాడు. నా కారు అదే రోగంతో మళ్ళీ మళ్ళీ ఆ షెడ్డుకి వస్తోంది. మూల టీ కొట్టువాడు ఒకరోజు అందరి ముందూ అన్నాడు: "బావా, మేడం బండికి నీ షెడ్డు అడ్రసు మీద రేషన్ కార్డు రాయించీ." సందంతా నవ్వింది. మేస్త్రి గ్లాసు బల్ల మీద పెట్టి, తాగకుండా వెళ్ళిపోయాడు. తిట్టకుండా వెళ్ళిపోయాడు. నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది. అదే సమయంలో చచ్చేంత కోపం కూడా వచ్చింది. పాత ఇనుమువాడు మా ఆయనకి రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"ఇదే ఆఖరుసారి మేస్త్రీ" అన్నాను. "ఇవాళ ఎక్కకపోతే రేపు ఇచ్చేస్తాను."

ఆయన వెనక సీట్లో కూర్చోలేదు. ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. వెనక నూకరత్నం, ఆవిడ ఆడపడుచు, ఇంకో ముసలమ్మ. ఆ రోజు ఉక్కగా ఉంది. అందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. మలుపు రానే వచ్చింది. కారు తడబడింది, దగ్గింది, ఆగింది.

"ఓలమ్మో, మల్లీ ఇక్కడే" అంది నూకరత్నం. "మేస్త్రీ, ఇక్కడో పచ్చళ్ళ కొట్టు ఎట్టుకుంటాను, నువ్వు వారానికోపాలి తెస్తన్నావు కదా." వాళ్ళు ముగ్గురూ దిగి, కాస్త పైకి నడిచి, పిట్టగోడ మీద కూర్చుని మరమరాలు తీశారు.

నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. మేస్త్రి దిగాడు. పెట్రోలు కొలిచే ముల్లు నాన్న కాలంలోనే పనిచెయ్యడం మానేసింది. అసలు ట్యాంకులో పెట్రోలు ఉందో లేదో చూద్దామని, కోపంగా వెనక్కి వెళ్ళి మూత తిప్పాడు.

హుస్సుమంది.

నూకరత్నం కొత్త పచ్చడి సీసా మూత తీస్తే వచ్చే చప్పుడు లాంటిదే, కాకపోతే ఇంకా పెద్దది. ట్యాంకు గుండెల నిండా గాలి పీల్చుకున్న చప్పుడు. పెట్రోలు బంకులో ఆ గోలకి ఎప్పుడూ వినబడలేదు. కొండ మీద ఏ చప్పుడూ లేదు కాబట్టి నాకూ వినిపించింది. నేను దిగి వచ్చేసరికి మేస్త్రి మూత తిరగేసి చూస్తున్నాడు. గోటితో సైకిల్ ట్యూబు ముక్క పెరికాడు. దాని కింద, ఇన్నాళ్ళూ మూసుకుపోయి, గుండుసూది మోపినంత బెజ్జం ఉంది.

లోపల పెట్రోలు తగ్గేకొద్దీ ఆ బెజ్జంలోంచి ట్యాంకులోకి గాలి పోవాలి. పోకపోతే ట్యాంకు పెట్రోలుని వదలదు, గట్టిగా పీల్చి పట్టుకుంటుంది. ఇంజను ఆకలితో చస్తుంది. బంకులో మూత తీసిన ప్రతిసారీ కారు ఆరోగ్యం కుదుటపడేది, ఆ మలుపు దాకా వచ్చేసరికి మళ్ళీ ఊపిరాడేది కాదు. ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండా ఆయన మొహంలో తెలిసింది. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టింది తనే.

పిట్టగోడ వైపు వీపు పెట్టాడు. ట్యూబు ముక్క గుప్పిట్లో దాచాడు.

"మేడం" అన్నాడు, అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలీదు. "ఇది మీరు అతికించినారని సెప్పీనా?"

"నేనా? నా కారు పాత ఇనుముకి పోబోయింది మీ వల్ల! నేను అబద్ధమాడను."

"మీరు ఆడక్కర్లేదు. నోరు మూసుకుంటే సాలు."

"ఎవరైనా అడిగితే నిజమే చెప్తాను."

ఆయన ట్యూబు ముక్క చొక్కా జేబులో వేసుకున్నాడు. "అడక్కుండా నాను సూసుకుంటాను" అన్నాడు.

కారు ఒక్క గుక్కలో కొండెక్కింది. ఆగకుండా అన్న షరతు తీరాలని దిగి వచ్చి, మళ్ళీ అడుగునుంచి ఎక్కాం. ముసలమ్మకి రెండుసార్లు దర్శనం అయింది. మేస్త్రి మాత్రం గుళ్ళోకి రాలేదు. "అప్పన్న దగ్గరకెల్తే ఏదో ఒకటి సెప్పాల. బయటుంటాను" అన్నాడు.

నెల తిరక్కుండా షెడ్డుకి వెళ్తే, సబ్బుముక్క పక్కన ఓ కొత్త మేకు, దానికి ఆ ట్యూబు ముక్క. నేను దాన్ని చూడడం ఆయన చూశాడు. వెంటనే గట్టిగా "టీ తెండిరా మేడానికి!" అని అరిచాడు. ఆ ముక్క ఎవరిదని చెప్తున్నాడో నేను అడగలేదు.

ఆ తరవాత జరిగినదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఆయన నన్ను తిట్టడం మానేశాడు. అతిమర్యాద మొదలుపెట్టాడు. కుర్చీ తుడిచి వేసేవాడు. "మీ దయ మేడం" అనేవాడు. గోదారి కాలు ఊసే ఎత్తేవాడు కాదు. పక్కనెవర్నో "బుర్రలో పెట్రోలుందేటి, ఉప్పునీరుందేటి" అని కడిగేస్తుంటే నాకు కుళ్ళు పుట్టేది. ఆ షెడ్డులో తిట్టు పడనివాళ్ళంటే పరాయివాళ్ళే. అన్నాళ్ళ స్నేహం పోయి నేను కస్టమర్ని అయిపోయాను.

చివరికి నేనే తెగించాను. ఓ సాయంత్రం కారెక్కబోతూ, "మేస్త్రీ, ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు" అన్నాను.

కిళ్ళీ నములుతున్న నోరు ఆగింది. "నాను సూసుకుంటన్నాను కదేటి" అన్నాడు. తరవాత నా కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కిటికీలోకి తల పెట్టాడు. "క్లచ్చి మీద కాలేసుకుని తొంగుంటన్నారేటి మేడం? ఆవిడేటి మీకు మంచమేటి? మీ నాన్నగోరు సూస్తే ఏడుద్దురు. ఎల్లండి, ఎల్లండి." నేను పోర్టు గేటు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆయన్ని చూడడం అదే ఆఖరు.

పెద్దకర్మ అయ్యాక వెళ్ళాను. షెడ్డు ఇప్పుడు అల్లుడు నడుపుతున్నాడు. మంచివాడు, నెమ్మదస్తుడు, అందుకే జనం ఇంకా నమ్మడం లేదు. ఎవరో కొత్త మనిషి పాత కారేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక. అల్లుడు గోడ చూపిస్తున్నాడు. మేస్త్రిలా నడిచి చూపించడం చేతకాక, వేలుతో చూపించి ఊరుకుంటున్నాడు.

"మా మావ సేతి మీద బాగైన బండి అదే రోగంతో మల్లీ వచ్చింది లేదండి" అన్నాడు. మామగారి మాటే, కానీ గొంతులో దమ్ము లేదు.

టీ కొట్టువాడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నా వైపోసారి, కారు వైపోసారి చూశాడు. రేషన్ కార్డు ఊసెత్తలేదు. నూకరత్నం మాగాయ సీసా పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. నన్ను చూడగానే ఆవిడ కళ్ళు తడిశాయి, మరుక్షణంలో మేకు మీది ట్యూబు ముక్క కేసి చూసి నవ్వేసింది.

"ఇదిగో, ఈవిడే!" అంది కొత్తాయనతో. "ఈ ముక్క ఈ మేడానిదే. ట్యాంకు మూతకి పచ్చడి జాడీలాగ వాసెన కట్టీసినాదట. మేస్త్రి ఎంత బాగా సెప్పీవోడనుకున్నారు! ఈవిడిలాగే కుచ్చిళ్ళెత్తి నడిసీవోడు, ఈవిడిలాగే 'మేస్త్రీ, ఏమైందంటారూ' అనీవోడు. మేం కడుపు పట్టుకునీవోళ్ళం." ఆగి, నా వైపు తిరిగింది. "అయినా మేడం, నాకెప్పట్నుంచో అడగాలని. నిజంగా నువ్వే కట్టేవా?"

అడగనే అడిగింది. అడక్కుండా చూసుకునే మనిషి లేడు మరి.

అల్లుడు నా మొహం చూస్తున్నాడు. కొత్తాయనా చూస్తున్నాడు. ఆయన కారు ఇంజను ఇంకా ఆపలేదు, గుమ్మంలో నిలబడి కుంటుతూ దగ్గుతోంది.

"అవును, నేనే కట్టాను" అన్నాను.

"ఎందుకు కట్టేవు తల్లీ?"

"దుమ్ము పడకూడదని. సీమ కూడా దూరకూడదని రెండు పొరలు వేశాను."

అందరూ విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా టీ కొట్టువాడు నవ్వాడు. కొత్తాయన నవ్వుతూనే వెళ్ళి ఇంజను ఆపి, తాళాలు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. నూకరత్నం అప్పటికే సందులోకి తిరిగి కేకేస్తోంది, కొండకి ఎవరెవరొస్తారని.